డేనియల్ జాన్‌స్టన్ పాటల్లో ఏముంది?

ప్రశ్న: 1992లో నిర్వాణా బ్యాండ్ గాయకుడు కర్ట్ కోబేన్ వేసుకున్న కప్ప బొమ్మ టీషర్టు వల్ల అమెరికన్ గాయకుడు డేనియల్ జాన్‌స్టన్ పేరు తెలిసింది. ఒక పాట విన్నాను. గొంతు వణుకుతోంది, వెనక ఒకటే గరగర. జనం ఇందులో ఏం విన్నారండీ?

జవాబు: ముందు ఆ గరగరకు చెవి అలవాటు పడనివ్వండి. వెస్ట్ వర్జీనియాలో పెరిగిన కుర్రాడు ఇంట్లో మామూలు టేప్ రికార్డర్ ముందు కూర్చుని పాడుకున్న పాటలవి. మొదట్లో కాపీ తీసే సాధనం లేక, ఎవరైనా క్యాసెట్ అడిగితే ఆల్బమ్ మొత్తం మళ్లీ పాడి రికార్డు చేసి ఇచ్చేవారు! టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మెక్‌డొనాల్డ్స్‌లో పనిచేస్తూ కనిపించినవాళ్ల చేతిలో క్యాసెట్లు పెట్టేవారు. అట్ట మీద బొమ్మలూ ఆయనవే. 1983 నాటి 'హాయ్, హౌ ఆర్ యూ' ఆల్బమ్ నాకు ప్రాణం. ఆ కప్ప దాని అట్ట మీదదే. అక్కడ మొదలుపెట్టండి.

ఇంకో జవాబు: ఆయన మానసిక అనారోగ్యాన్ని వింత కథలా చెప్పుకుంటుంటే నాకు బాధేస్తుంది. ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూనే పాటలు రాశారు. 1994లో అట్లాంటిక్ రికార్డు కంపెనీ వాళ్లు ఆయన 'ఫన్' ఆల్బమ్ తెచ్చారు, పెద్దగా అమ్ముడుపోలేదు. 2019లో పోయారు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. రాత్రికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం వింటాను.