సమస్య: "కథను చెప్పకున్న కథయె తెలిసె"

నిర్వహణ: సినిమా పోస్టర్ల మీది ట్యాగ్‌లైన్లు చదువుతుంటే తట్టిన పాదం. ఈ పాదం చివర వచ్చేలా మీరు కట్టే మూడు పాదాలు, అంటే పూరణ, ట్యాగ్‌లైన్ మీదే ఉండాలి. దయచేసి రామాయణంలోకి తీసుకుపోవద్దు.

పాదచారి:
పేరు క్రింద నున్న పిడికెడు పలుకులు
భయము విత్తి మదిని పట్టుకొనియె
దాగు మృగమదేదొ తలచుకొమ్మనినంత
కథను చెప్పకున్న కథయె తెలిసె

1979 నాటి ‘ఏలియన్’ సినిమా ట్యాగ్‌లైన్‌ను తలచుకుని రాశాను. బార్బరా గిప్స్ రాసిన ఆ వాక్యం ఇంగ్లీషులో ఎనిమిదే మాటలు: అంతరిక్షంలో నువ్వు కేకపెట్టినా ఎవరికీ వినపడదు. అందులో జంతువు లేదు, ఓడ లేదు. శూన్యంలో శబ్దం ప్రయాణించదన్న పాఠాన్నే ఆవిడ ఒంటరితనంగా మార్చేసింది.

యతిమైత్రి: ‘పిడికెడు పలుకులు’ ఎంత బాగుందో! కానీ ‘మృగమదేదొ’ దగ్గర మృగమదం వినిపించి, భయం పుట్టాల్సిన చోట కస్తూరి గుబాళించింది. ‘దాగినట్టి మృగముఁ దలచుకొమ్మనినంత’ అంటే సరి. పోయినసారి నా పద్యంలో ‘మరి’ ఊరికే పడిందని పట్టుకున్నారుగా, ఆ చెవి మీ పద్యానికీ పెట్టండి.

పాదచారి: ఆ ‘మరి’ ఇప్పటికీ ఊరికే పడిందే. ఈ సవరణ మాత్రం బాగుంది, ఉంచేద్దాం.

చుక్కలరాత్రి:
చివరి గుట్టునంత చిన్న వాక్యంబున
గోడకతికినారు కొంప ముంచి
టిక్కెటేల కొనుట? డబ్బు దండగ కాదె
కథను చెప్పకున్న కథయె తెలిసె

యతిమైత్రి: అబ్బ! ముగింపు బయటపెట్టేసే ట్యాగ్‌లైన్ మీదికి తిప్పారే! ఇవాళ్టికి ఇదే మేటి. మూడో పాదంలో మాత్రం యతి (పాదం మొదటి అక్షరానికీ నడిమి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) తప్పింది. టి, డ: హల్లులు కుదిరాయి, అచ్చులు కుదరలేదు.

పాదచారి: ప్రాసయతి వేయండి, అంటే రెండో అక్షరాలు కలపండి. ‘టిక్కెటేల కొనుట? దిక్కుమాలిన ఖర్చు!’

నిర్వహణ: దిక్కుమాలిన ఖర్చు! తిట్టు కూడా యతిలో కూర్చుంది.

చుక్కలరాత్రి: తీసుకున్నాను. కానీ పాదచారిగారూ, మొన్నటి పద్యంలో మీరు 1978 నాటి సొరచేప సినిమా ‘జాస్ 2’ ట్యాగ్‌లైన్‌ను తేలిగ్గా తీసేశారు. నీళ్లలోకి మళ్లీ దిగొచ్చని అనుకున్నారో లేదో, అని ఆగిపోతుంది ఆ వాక్యం. సొరచేప పేరే ఎత్తదు.

పాదచారి: ఎత్తక్కర్లేదు. 1975లో మొదటి సినిమా ఆ పని చేసిపెట్టింది. గిప్స్‌కు ఆ ఆసరా లేదు.

యతిమైత్రి: ఆసరా ఉన్నప్పుడు పేరు వేసేయాలనే అందరికీ అనిపిస్తుంది. వేయకుండా ఆగడంలోనే నేర్పుంది. నేను చుక్కలరాత్రి వైపే.

నిర్వహణ: సొరచేప మీద పద్యంతో రండి, వాదన తర్వాత.