గిటార్‌కు హంబకర్ వేయించాక రెండో పొజిషన్‌లో సౌండ్ పీలగా వస్తోంది, వైరింగ్ అంతా మార్చాలా?

ప్రశ్న: నల్లగొండ తీగలు
అందరికీ నమస్తే. మాది నల్లగొండ. ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తాను. నాది స్ట్రాట్ మోడల్ ఎలక్ట్రిక్ గిటార్, తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌లు మూడు ఉండేవి, అన్నీ ఒకే కాయిల్ ఉండే సింగిల్ కాయిల్ రకం. బ్రిడ్జి (తీగలు కింది కొసన ఆనేచోటు) దగ్గరిది తీసేసి హంబకర్, అంటే రెండు కాయిళ్ల పికప్ పెట్టించాను, వాల్యూమ్ పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) కూడా మార్పించాను. హంబకర్ ఒక్కటే పెడితే సౌండ్ నిండుగా ఉంది. స్విచ్ రెండో పొజిషన్‌కి తెస్తే, అంటే బ్రిడ్జి, మిడిల్ కలిస్తే, బేస్ అంతా పోయి పీలగా వస్తోంది. వాల్యూమ్ పది నుంచి మూడు దాకా తిప్పినా పెద్దగా తేడా లేదు, ఆ తర్వాత ఒక్కసారే పడిపోతోంది. తీగల మీది నుంచి చెయ్యి తీస్తే గుంయ్‌మని హమ్, చెయ్యి పెడితే తగ్గుతుంది. మొత్తం ఊడదీసి మళ్లీ వేయించాలా? వచ్చే నెల మీటింగులు ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాలమూరు వైండర్
తమ్ముడూ, ఇప్పుడే ఏమీ ఊడదీయకు. నేను మహబూబ్‌నగర్‌లో బోరు మోటార్లు వైండింగ్ చేస్తాను, సాయంత్రాలు గిటార్లు చూస్తాను. మోటారుకు చుట్టే తీగ పక్కన పికప్ తీగ పెడితే వెంట్రుకలా ఉంటుంది. అమెరికన్ లెక్కలో (ఏడబ్ల్యూజీ) 42 గేజ్ అంటే సుమారు 0.063 మిల్లీమీటర్లు. ఊరికే లాగి, కాల్చి దాన్ని తెంపుకోకూడదు. మల్టీమీటర్ చెప్పాకే సోల్డరింగ్ ఐరన్ పట్టాలి.

నీ సౌండ్ పీలబడటానికి కారణం ఫేజ్. రెండు పికప్‌లూ అదే తీగ కదలికను పట్టుకుంటాయి. ఒకటి ప్లస్ ఇస్తున్నప్పుడు రెండోది మైనస్ ఇస్తే కింది స్వరాలు కొట్టుకుపోయి పైవి మాత్రం మిగులుతాయి. హంబకర్ ఒక్కటే నిండుగా ఉందంటే దాని లోపలి రెండు కాయిళ్లు సరిగ్గానే కలిశాయి. తేడా దానికీ మిడిల్ పికప్‌కీ మధ్యే.

గిటార్ విప్పకుండానే చూడొచ్చు. గిటార్‌కు కేబుల్ పెట్టు, రెండో కొసను ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) పెట్టకు. వాల్యూమ్ ఫుల్. మీటర్ 20కే ఓమ్స్ మీద పెట్టి, ఎర్ర ప్రోబ్ ప్లగ్ కొనకు, నల్లది పక్క లోహానికి ఆనించు. స్విచ్ బ్రిడ్జి మీద పెట్టి ఇనుప స్క్రూడ్రైవర్‌ను పికప్ మీద ఆనించి టక్కున పైకి లాగు. అంకె ఒక క్షణం పెరుగుతుందో తగ్గుతుందో చూడు. మిడిల్‌కీ అలాగే చెయ్యి. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే ఫేజ్ తిరగబడినట్టే. ముల్లు మీటర్ ఉంటే ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది.

వాల్యూమ్ సంగతికి పాట్ వెనక రాసింది చూడు. బి500కే అని ఉంటే అది లీనియర్, అంటే తిప్పినంత మేర సమంగా మారే రకం, చెవికి మాత్రం నువ్వు చెప్పినట్టే నడుస్తుంది. వాల్యూమ్‌కు చెవికి సమంగా వినిపించే ఏ500కే కావాలి.

జవాబు: మిర్యాలగూడ మైక్‌సెట్
హమ్ గురించి నేను చెప్తా. చెయ్యి పెడితే తగ్గుతోందంటే బ్రిడ్జికి వెళ్లే గ్రౌండ్ వైరు బాగానే ఉంది, దాన్ని మాత్రం ఎవరినీ తీయనివ్వకు. చెయ్యి పెడితే ఎక్కువైతే అప్పుడు జాక్ దగ్గర వైర్లు అటుదిటు అయ్యాయేమో చూడాలి. సింగిల్ కాయిల్ కరెంటు హమ్‌ను ఎలాగూ పట్టుకుంటుంది. ట్యూబ్‌లైట్ చోక్‌కు, ఫ్యాన్ రెగ్యులేటర్‌కు దూరంగా జరిగి, గిటార్‌ను కాస్త పక్కకు తిప్పి చూడు.

తమ్ముడూ, దీనికన్నా ముఖ్యమైనది సాకెట్‌లో ఎర్త్. తీగలు ఆంప్ ద్వారా ఆ ఎర్త్‌కే కలుస్తాయి. నువ్వు పాడుతూ వాయిస్తే, పెదవి మైక్‌కు తగిలినప్పుడు జివ్వుమంటే వాయించడం అక్కడే ఆపెయ్యి. మన వైపు ఎండాకాలం నేల ఎండి ఎర్త్ గుంత పనిచేయడం తగ్గిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతైనా నీళ్లు పోస్తుండాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించు, మూడో పిన్ను మాత్రం విరగ్గొట్టకండి.

ప్రశ్నించినవారు: నల్లగొండ తీగలు
అన్నలిద్దరికీ థ్యాంక్స్. బ్రిడ్జికి పెరిగింది, మిడిల్‌కు తగ్గింది. పాట్ మీద బి500కే అనే ఉంది. హంబకర్ నుంచి నలుపు, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, ఒక ఉత్త తీగ వస్తున్నాయి. ఎరుపు, తెలుపు కలిపి టేప్ చుట్టారు. నలుపు స్విచ్‌కు, ఆకుపచ్చ, ఉత్త తీగ పాట్ వెనక్కు ఉన్నాయి. మిడిల్ వైర్లు మార్చనా?

జవాబు: పాలమూరు వైండర్
మిడిల్ జోలికి వెళ్లకు. దాన్ని మారిస్తే నాలుగో పొజిషన్‌లో నెక్ (మెడ దగ్గరి) పికప్‌తో గొడవ మొదలవుతుంది. హంబకర్‌లోనే నలుపును పాట్ వెనక్కు, ఆకుపచ్చను స్విచ్‌కు మార్చు. ఉత్త తీగ షీల్డ్, అది పాట్ వెనకే ఉండాలి. ఎరుపు, తెలుపు జాయింట్‌ను కదిలించకు. రంగులు కంపెనీకో తీరుగా ఉంటాయి కాబట్టి ఇంకో పికప్‌కు ఇదే లెక్క పెట్టుకోవద్దు.

ఏ500కే తెచ్చేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లు, షాఫ్ట్ నీ నాబ్‌కు సరిపోవాలి. ఇక్కడ దొరక్కపోతే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో అడుగు. పనిలో పనిగా 102 అని రాసిన కెపాసిటర్ ఒకటి, 150కే రెసిస్టర్ ఒకటి తీసుకో. రెండిటినీ పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపి, వాల్యూమ్ పాట్‌లో సిగ్నల్ వచ్చే కాలికీ మధ్య కాలికీ వేస్తే వాల్యూమ్ తగ్గించినా ట్రెబుల్ (పై స్వరాలు) చావదు. పాట మధ్యలో తగ్గించి, పల్లవికి పెంచేవాళ్లకు ఇది చాలా పనికొస్తుంది.

పాట్ వెనక సోల్డర్ పట్టాలంటే ముందు గరుకు కాగితంతో గీకి, ఐరన్ బాగా వేడెక్కాక పెట్టు. 25 వాట్లది ఆ లోహాన్ని వేడెక్కించలేక గంటసేపు ఆనుకుని లోపలి ట్రాక్‌ను కాలుస్తుంది. 40 వాట్లది ఐతే చటుక్కున అంటుతుంది.