అప్‌డేట్: ఇంటర్‌ఫేస్‌ను హైబర్నేట్‌లో మ్యాప్ చేయడం

హైబర్నేట్ అంటే జావా క్లాసులను డేటాబేస్ టేబుళ్లకు కలిపే లైబ్రరీ. నేనడిగింది ఇదీ: ఎనుమాముల మిర్చి యార్డు లెక్కల యాప్‌లో రైతు, హమాలీ క్లాసులు రెండూ ‘పేయీ’ (పైసలు అందుకునేటోళ్లు) ఇంటర్‌ఫేస్‌ను, అంటే క్లాసుల్లో ఉండాల్సిన మెథడ్ల జాబితాను, ఇంప్లిమెంట్ చేస్తయి. చెల్లింపు ఎంటిటీలో (టేబుల్‌కు ముడిపడిన క్లాసులో) ఆ ఇంటర్‌ఫేస్ టైపు ఫీల్డు పెట్టొచ్చా?

జేపీఏలో (హైబర్నేట్ పాటించే జావా ప్రమాణంలో) ఇంటర్‌ఫేస్ ఎంటిటీ కావడం కుదరదు. ఇంప్లిమెంటేషన్ ఒక్కటే అయితే టార్గెట్ ఎంటిటీ (అది ఏ క్లాసో) రాస్తే సరిపోతది. రెండుంటే హైబర్నేట్‌లో ‘ఎనీ’ అనే మ్యాపింగ్ ఉంది: ఒక కాలమ్‌లో రకం, ఇంకో కాలమ్‌లో ఐడీ. కానీ ఆ ఐడీకి ఫారిన్ కీ (ఆ ఐడీ ఇంకో టేబుల్‌లో ఉండాల్సిందేననే కట్టడి) పెట్టలేం. రైతు రో డిలీట్ చేసినా డేటాబేస్ ఆపదు, చెల్లింపు ఎవరిదో తెలియకుండా మిగులుతది. పైసల లెక్కలో ఇది ఒప్పుకోలేం.

అందుకే ‘పేయీ’ని అబ్‌స్ట్రాక్ట్ ఎంటిటీ చేసి, జాయిన్డ్ ఇన్‌హెరిటెన్స్ పెట్టినం: పేయీకి ఒక టేబుల్, రైతుకు, హమాలీకి వేరే టేబుళ్లు, ఐడీల వరుస మాత్రం అందరికీ ఒకటే. పాత టేబుళ్లు రెండింటిలో ఐడీలు 1 నుంచే మొదలైతే ఢీకొంటయి. ఒకదాని ఐడీలకు ఆఫ్‌సెట్ (ఒక స్థిర సంఖ్య) కలిపి, దాన్ని చూపే ఫారిన్ కీలు కూడా మార్చి, చివర్ల సీక్వెన్స్‌ను (కొత్త ఐడీలిచ్చే కౌంటర్‌ను) గరిష్ఠ ఐడీ దాటించాలి.