మెథాక్రిలేట్ పాలిమరీకరణలో లిథియం క్లోరైడ్ పని ఏమిటి?

ప్రశ్న: టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) ద్రావణిలో, మైనస్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మిథైల్ మెథాక్రిలేట్ అనే మోనోమర్‌ను (గొలుసుగా కలిసే చిన్న అణువును) పాలిమరీకరణ చేస్తున్నాను. సెకండరీ బ్యూటైల్ లిథియానికి డైఫినైల్ ఇథిలీన్ కలిపి ఇనిషియేటర్ (గొలుసును మొదలుపెట్టే పదార్థం) తయారు చేశాను. మోనోమర్ పూర్తిగా ఖర్చవుతోంది గానీ జీపీసీలో (గొలుసులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే పరీక్షలో) శిఖరం బాగా వెడల్పుగా ఉంది, అంటే గొలుసుల పొడవులు ఒకేలా లేవు. లిథియం క్లోరైడ్ వేయమంటున్నారు. చర్యలో పాల్గొనని ఉప్పుతో లాభమేమిటి?

జవాబు 1: పాల్గొనదని ఎవరన్నారండీ? గొలుసు చివరి లిథియం ఎనోలేట్లు (మోనోమర్ వచ్చి చేరే కొసలు) రెండేసి జతకడతాయి. జతలో ఉన్నవి దాదాపు నిద్రలో ఉన్నట్టే. విడిగా ఉన్నవి పెరుగుతాయి. పెరుగుదలతో పోలిస్తే వీటి మధ్య మార్పిడి నిదానం, అందుకే పొడవుల్లో అంత తేడా. ఉప్పు ఎనోలేట్‌తో మిశ్రమ జత కట్టి ఆ మార్పిడిని చురుకు చేస్తుంది. ఇనిషియేటర్‌కు కొన్ని రెట్ల మోల్స్ వేయండి. అది తేమను ఇట్టే పీల్చుకుంటుంది. వాక్యూమ్‌లో వేడిచేసి ఆరబెట్టకపోతే గొలుసులు చచ్చిపోతాయి, నింద మాత్రం ఉప్పు మీద పడుతుంది!

జవాబు 2: స్టైరీన్ అనే మోనోమర్ సంగతి వేరు, అక్కడ ఉప్పు వేస్తే వేగమే తగ్గవచ్చు. గొలుసు కొస సోడియం అయాన్‌తో జంటగా ఉండవచ్చు, లేదా విడిపోయి స్వేచ్ఛా అయాన్‌గా ఉండవచ్చు. టీహెచ్‌ఎఫ్‌లో 25 డిగ్రీల దగ్గర స్వేచ్ఛా అయాన్ వేగ స్థిరాంకం సుమారు 65,000, సోడియం అయాన్ జంటది సుమారు 80 (లీటర్/మోల్·సెకను). సోడియం టెట్రాఫినైల్ బోరేట్ అనే ఉప్పు వేస్తే సోడియం అయాన్లు పెరిగి స్వేచ్ఛా అయాన్లు తిరిగి జంటల్లోకి పోతాయి, చర్య మందగిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: లిథియం క్లోరైడ్‌ను టోలుయీన్ ద్రావణిలో వేయవచ్చా?

జవాబు 1: కరగదు. టీహెచ్‌ఎఫ్‌లోనే ఉండండి.