కీటోసెరోస్ ట్యాంకులో సన్న బుడగలు: బ్లోయర్ లైనుకి సిరామిక్ డిస్క్ పెడితే గాలి రావట్లేదు

ప్రశ్న:
రొయ్య హేచరీలో కీటోసెరోస్ (రొయ్య పిల్లలకు మేతగా వేసే సూక్ష్మ ఆల్గే, సిలికా పెంకు ఉండే డయాటమ్ రకం) పెంచే 1 టన్ను ట్యాంకు. నీటి లోతు 80 సెం.మీ., ఉప్పదనం 28 పీపీటీ, ఎఫ్/2 మందులు (ఆల్గేకి వేసే పోషకాల మిశ్రమం), సిలికేట్. గాలికి రూట్స్ బ్లోయర్, దాన్ని బుడగలుగా వదలడానికి మామూలు ఎయిర్ స్టోన్లు. పొద్దున 8.1 ఉన్న పీహెచ్ మధ్యాహ్నం రెండింటికల్లా 9.2 దాటుతోంది, ఆ తర్వాత కణాల కౌంట్ పెరగట్లేదు. కార్బన్ డయాక్సైడ్ చాలట్లేదని 2 మైక్రాన్ల సిరామిక్ డిస్క్ తెచ్చి అదే లైనుకి తగిలిస్తే ఒక్క బుడగా రాలేదు. డిస్క్ పాడైందా? స్టోన్లన్నీ తీసేసి సన్న బుడగలే పెట్టుకోవచ్చా?

జవాబు 1:
డిస్క్ బాగానే ఉందండి, ఒత్తిడి చాలట్లేదు. తడిసిన సన్న రంధ్రంలో నీళ్లు తలతన్యతతో పట్టుకుని ఉంటాయి. 2 మైక్రాన్ల రంధ్రం లోంచి వాటిని నెట్టాలంటే దాదాపు 1.4 బార్ కావాలి, పైన నీటి లోతుకి ఇంకో 0.08. హేచరీ బ్లోయర్ ఇచ్చేది 0.2 నుంచి 0.3 బార్. అదే 10 మైక్రాన్లకు 0.3 బార్ సరిపోతుంది కానీ బుడగ పెద్దదవుతుంది.

అయినా ఒత్తిడి పెంచి గాలే పంపితే మీ సమస్య తీరదు. లీటరుకి రోజుకి 0.1 గ్రాము పొడి బరువు పెరిగితే ట్యాంకు మొత్తానికి 100 గ్రాములు. గ్రాముకి 1.8 చొప్పున 180 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ (డయాటమ్‌లో సిలికా ఉంటుంది కాబట్టి కాస్త తక్కువే పడుతుంది). పది గంటల వెలుతురులో గంటకి 18 గ్రాములు. ఘనమీటరు గాలిలో ఉండేది ముప్పావు గ్రామే. అంటే ఉన్నదంతా కరిగినా నిమిషానికి 400 లీటర్ల గాలి కావాలి! స్వచ్ఛమైన గ్యాస్ అయితే గంటకి 10 లీటర్లు, నిమిషానికి 0.2 లీటరు కూడా పట్టదు. సన్న బుడగ పనికొచ్చేది అక్కడ.

జవాబు 2:
పై లెక్కకి తోడు ఇది చూడండి. 3 మి.మీ. బుడగ 80 సెం.మీ. లోతు నుంచి మూడు సెకన్లలో పైకొచ్చి పగిలిపోతుంది, గ్యాస్ చాలావరకు గదిలోకే పోతుంది. 0.1 మి.మీ. బుడగ సెకనుకి 5 మి.మీ. చొప్పునే లేస్తుంది, దాదాపు రెండున్నర నిమిషాలు నీళ్లలో ఉంటుంది. లీటరు గ్యాస్‌కి ఉపరితలం 2 చదరపు మీటర్ల నుంచి 60కి పెరుగుతుంది. ఉప్పునీళ్లలో బుడగలు అంత తొందరగా కలిసిపోవు, అది మీకు లాభమే.

కాబట్టి స్టోన్లు తీయొద్దు. కణాలు అడుగున కూర్చోకుండా తిప్పేదీ, పగలు పేరుకునే ఆక్సిజన్‌ని బయటికి లాగేదీ ఆ పెద్ద బుడగలే. సిలిండర్, రెగ్యులేటర్ (1.5 నుంచి 2 బార్), సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకుని మూసుకునేది), సన్న నీడిల్ వాల్వ్ (గ్యాస్‌ని కొద్దికొద్దిగా వదిలేది), నాన్ రిటర్న్ వాల్వ్ (వెనక్కి రానివ్వనిది), డిస్క్: ఈ వరసలో వేరే లైను వేయండి. డిస్క్‌ని స్టోన్లకు దూరంగా, నీళ్లు కిందికి దిగే వైపు పెట్టండి. పెద్ద బుడగల దారిలో ఉంటే సన్నవి వాటితో పాటు పైకి కొట్టుకుపోతాయి.

పీహెచ్ కంట్రోలర్ 8.3 దగ్గర తెరుచుకుని 8.1 దగ్గర మూసుకోవాలి. మూశాక కూడా నీళ్లలో ఉన్న బుడగలు రెండు మూడు నిమిషాలు కరుగుతూనే ఉంటాయి, పీహెచ్ ఇంకాస్త దిగుతుంది. ప్రోబ్ డిస్క్ పక్కనే ఉంటే రీడింగ్ తప్పు చెబుతుంది. లైట్లు ఆరగానే వాల్వ్ మూసుకునేలా టైమర్ పెట్టండి. ఏసీ గదిలో తలుపులన్నీ మూసి ఉంటే ఈ గ్యాస్ నేల దగ్గర పేరుకుంటుంది, సిలిండర్ బయటే ఉంచండి.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలండి. నీటి అంచున గోధుమ రంగు నురగ కడుతుందని విన్నాను. డిస్క్ బదులు పంపుకి వెంచురీ (నీటి ధారతో గ్యాస్‌ని లాగి కలిపే ఇరుకు గొట్టం) పెడితే?

జవాబు 1:
కీటోసెరోస్‌కి వెంచురీ వద్దు. పంపు రెక్కల్లో పడితే దాని ముళ్లు విరిగిపోతాయి, కణాలు పగులుతాయి. నురగ విషయానికొస్తే, సన్న బుడగలు కణాలకు అతుక్కుని వాటిని పైకి తేలుస్తాయి. ఆల్గే కోతకి ఇదే పద్ధతి వాడతారు, మీకు మాత్రం నష్టం. కొద్దిగా ఉంటే గ్యాస్ తగ్గించండి. జిగురుగా, మందంగా కడితే కల్చర్ ముదిరిందని అర్థం, కొత్త ట్యాంకుకి సీడ్‌గా తీయకండి.

డిస్క్ పూడిపోవడానికి ఎక్కువగా కారణం కరెంటు పోయినప్పుడు వెనక్కి వచ్చే ఉప్పునీళ్లు. ట్యూబుని నీటి మట్టం కంటే పైకి ఒక చుట్టు తిప్పి దింపండి. సున్నం పడితే వెనిగర్‌లో రాత్రంతా, జిగురు పడితే పల్చటి బ్లీచింగ్‌లో అరగంట. మధ్యలో మంచినీళ్లతో బాగా కడగాలి. ఆమ్లం, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వస్తుంది.