స్టార్మ్ చేజింగ్‌లో ఏపీఆర్ఎస్ చుక్క ఒకేచోట ఆగిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాను, హ్యామ్ (అమెచ్యూర్ రేడియో) టెక్నీషియన్ లైసెన్స్ ఉంది. మే నెలలో టోర్నడోలు చూడటానికి పశ్చిమ ఓక్లహోమా వైపు వెళ్తుంటాం. అక్కడ ఫోన్ సిగ్నల్ నిలవదని 5 వాట్ల హ్యాండ్‌సెట్‌లో ఏపీఆర్ఎస్ (మన జీపీఎస్ స్థానాన్ని రేడియోలో పంపి, ఇంటర్నెట్ మ్యాప్‌లో చుక్కగా చూపించే పద్ధతి) పెట్టాను. ఇంట్లో మ్యాప్ చూస్తుంటే మాత్రం మా కారు చాలాసేపు కదలట్లేదట. మా ఆవిడకి ఒకటే టెన్షన్. ఏ సెట్టింగ్ మార్చాలి?

జవాబు: సెట్టింగ్ కన్నా ముందు యాంటెన్నా చూడండి. హ్యాండ్‌సెట్‌ని కారు లోపల పెడితే సిగ్నల్‌లో చాలాభాగం బయటికే రాదు. అయస్కాంతంతో అతుక్కునే యాంటెన్నాని పైకప్పు మధ్యలో పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. కుదిరితే 50 వాట్ల మొబైల్ సెట్ బిగించండి. ఆ మైదానాల్లో డిజిపీటర్లు (విన్న సందేశాన్ని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్లు) దూరదూరంగా ఉంటాయి.

పాత్ (మీ సందేశాన్ని ఎన్ని డిజిపీటర్లు మళ్లీ పంపాలో చెప్పే సెట్టింగ్) వైడ్1-1, వైడ్2-1 చాలు. అంతకన్నా పెంచకండి. అమెరికా అంతా ఏపీఆర్ఎస్ 144.390 మెగాహెర్ట్జ్ మీదే, 1200 బాడ్ అనే నెమ్మది వేగంతో నడుస్తోంది. ఇద్దరి ప్యాకెట్లు (స్థానం చెప్పే చిన్న సందేశాలు) ఢీకొంటే రెండూ పోవచ్చు. మీ స్థానం ఎవరికీ అందలేదని రేడియోకి తెలియదు కాబట్టి అది మళ్లీ పంపదు. పది సెకన్లకోసారి పంపితే ఛానెల్ నిండిపోయి అందరికీ నష్టమే. స్మార్ట్ బీకనింగ్ ఆన్ చేయండి: వేగం పెరిగితే తరచుగా పంపుతుంది, మలుపు తిరిగినా పంపుతుంది.

ప్రశ్న: థాంక్సండీ. యాంటెన్నా తెప్పిస్తాను. అప్పటికీ చుక్క ఆగితే ఇంట్లోవాళ్లు ఏమనుకోవాలి?

ఇంకొకరి జవాబు: కంగారు పడక్కర్లేదని ఇప్పుడే చెప్పి ఉంచండి. మీ ప్యాకెట్ నేరుగా గానీ డిజిపీటర్ ద్వారా గానీ ఐగేట్‌కి (రేడియోలో విన్నదాన్ని ఇంటర్నెట్‌కి ఎక్కించే స్టేషన్‌కి) చేరాలి, ఆ ఐగేట్‌కి కరెంటు, ఇంటర్నెట్ ఉండాలి. అప్పుడే మ్యాప్‌లో కనిపిస్తుంది. తుపానులో ముందు పోయేది కరెంటే. అందుకని ఫలానా టైముకి ఏదో ఒక ఊళ్లో ఆగి ఫోన్ చేస్తానని మాట అనుకోండి. ఆ టైము దాటితేనే వాళ్లు వెతకాలి.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. మ్యాప్‌లో పక్క చేజర్ల చుక్కలు చూసి, అంతమంది ఉన్నారు కదా అని దగ్గరికి వెళ్లకండి. 2013 మే 31న ఓక్లహోమాలో ఎల్ రెనో టోర్నడో 2.6 మైళ్ల వెడల్పుకి పెరిగింది, ఉన్నట్టుండి దారి మార్చింది. ఎంతో అనుభవమున్న టోర్నడో పరిశోధకుడు టిమ్ సమరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ అందులోనే చనిపోయారు. చుక్క మీరెక్కడున్నారో ఇంటికి చెబుతుంది, అంతే. ఎటు తప్పుకోవాలో రాడార్, మీ కళ్లు, ముందే చూసి పెట్టుకున్న రోడ్డే చెప్పాలి.

బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ఆన్ చేసి, జీపీఎస్ లాక్ అయ్యిందో లేదో, కాల్‌సైన్ (మీ హ్యామ్ గుర్తింపు) చివర కారు స్టేషన్‌కి వాడే -9తో మ్యాప్‌లో కనిపిస్తున్నారో లేదో చూసుకోండి.