బానిసల తిరుగుబాటు మీద డాక్యుమెంటరీ: చివర్లో డబ్బు అయిపోయింది, ఏం చేయమంటారు?

ప్రశ్న
అప్పట్లో బ్రిటన్ వలసగా ఉన్న జమైకాలో 1831 క్రిస్మస్ అయిపోగానే చెరకు తోటల్లో బానిసలు లేచారు, కూలి ఇస్తేనే పనిలోకి దిగుతామన్నారు. ముందు నిలబడింది శామ్యూల్ షార్ప్, తానూ బానిసే, బాప్టిస్ట్ అనే క్రైస్తవ శాఖ చర్చిలో డీకన్, అంటే సంఘ పెద్ద. 1832 మే 23న మాంటెగో బేలో ఉరి తీశారు. నాలుగేళ్లుగా దీని మీదే పని చేస్తున్నాను. ఎడిటింగ్ అయింది, సౌండ్ మిక్సింగ్, కలర్ గ్రేడింగ్ (రంగులు సరిచేయడం), పాత బొమ్మల లైసెన్సులు మిగిలాయి, దాచుకున్నదంతా షూటింగ్‌కే పోయింది. క్రౌడ్‌ఫండింగ్, అంటే ఆన్‌లైన్‌లో పేజీ తెరిచి జనం దగ్గర చందాలు అడగడం, పెడదామంటే మొత్తం రాదేమోనని టెన్షన్. ఇలా గట్టెక్కినవాళ్లుంటే చెప్పండి.

జవాబు
అంతా ఒకేసారి అడగకండి. కిక్‌స్టార్టర్ అనే క్రౌడ్‌ఫండింగ్ సైట్‌లో అనుకున్న మొత్తం చేరకపోతే పైసా కూడా చేతికి రాదు, చేరితే 5 శాతం వాళ్ల ఫీజు, పైన పేమెంట్ చార్జీలు. నేను మొదటిసారి ఇవి లెక్కలో వేసుకోక ఇబ్బంది పడ్డాను. ముందు సౌండ్‌కి మాత్రం అడగండి. పేజీ తెరవకముందే తెలిసినవాళ్లందరికీ విడివిడిగా ఫోన్ చేసి మొదటి రోజే వేయమనండి, ఖాళీ పేజీ చూస్తే కొత్తవాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. ఇక 1830ల బొమ్మలకి కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది, మ్యూజియంవాళ్లు తీసుకునేది స్కాన్‌కి. అదే బొమ్మ ఉచితంగా ఇచ్చే లైబ్రరీ ఉందేమో వెతకండి.

ఇంకో జవాబు
ట్రైలర్‌లో సంకెళ్లు, కొరడా దెబ్బలు చూపించి డబ్బు అడగొద్దండీ, నా మనవి. పారిపోయినవాళ్లని పట్టిస్తే బహుమానమని యజమానులు జమైకా పత్రికల్లో ప్రకటనలు వేయించేవాళ్లు కదా. పేరు, ఎత్తు, భుజం మీద కాల్చిన వాత గుర్తు, ఫలానా తోటలో తల్లి ఉంది అక్కడికే వెళ్లి ఉంటుంది, ఇలా ఉండేవి. పట్టుకోవడానికి అచ్చువేయించిన ఆ నాలుగు లైన్లే ఆ మనిషి లొంగలేదనడానికి సాక్ష్యం. ఒక్కటి తెర మీద పెట్టి నిదానంగా చదివించండి, సంగీతం కూడా వద్దు.

అడిగినవారు
అలాంటివి నా దగ్గర పదకొండున్నాయి, సినిమా మధ్యలో ఎక్కడో ఇరికించేశాను. ముందుకి తెస్తాను. ఇంకొకటి: బానిసత్వం రద్దు చేసిన 1833 చట్టంతో బ్రిటన్ 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది యజమానులకి, బానిసలకి ఏమీ ఇవ్వలేదు. ఇది పేజీలో రాయనా?

జవాబు
తప్పకుండా రాయండి, కానీ షార్ప్ గురించి చెప్పాకే. ఎవరు లేచారో ముందు తెలియాలి, డబ్బు ఎవరికి పోయిందో ఆ తర్వాత. ట్రైలర్ ఇక్కడే పెట్టండి, నా వంతు మొదటి రోజే వేస్తాను.